కంటి మీద ఇంగ్లిష్ నుడికారాలు: అర్థం పట్టుకోవడం, పుట్టుక వెతకడం ఎలా?

పత్రిక డెస్కులో చేరిన కొత్తల్లో నేను చేసిన ఒక తప్పు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఏదో విదేశీ వార్త అనువాదం. చాలాకాలం తర్వాత ఇంటికొచ్చిన కొడుకుని చూసి తల్లి ‘యు ఆర్ ఎ సైట్ ఫర్ సోర్ ఐస్’ అంది. నేను ‘నిన్ను చూస్తుంటే కళ్ళు మండుతున్నాయి’ అని రాసేశాను. పేజీ అచ్చుకు వెళ్ళబోతుండగా సీనియర్ ఒకాయన అది చూసి, ‘ఏమయ్యా, ఆవిడ కన్నతల్లా, సవతితల్లా?’ అన్నారు. నొప్పెడుతున్న కళ్ళకు నువ్వు మందులా ఉన్నావు, నిన్ను చూశాక కళ్ళు చల్లబడ్డాయి అని ఆవిడ మాట. జొనాథన్ స్విఫ్ట్ 1738లో వేసిన సంభాషణల పుస్తకంలోనూ ఇది మెచ్చుకోలుగానే ఉంది.

ఆ రోజు నుంచి కన్ను ఉన్న ఇంగ్లిష్ మాట ఏది ఎదురైనా ఒక వరసలో చూడటం అలవాటు చేసుకున్నాను. ఆ వరస ఇది. పోటీ పరీక్షకు చదువుతున్నా, అనువాదం చేస్తున్నా, అమెరికా ఆఫీసు మీటింగులో కూర్చుని తలూపుతున్నా మీకూ పనికొస్తుంది.

1. మాటను వాక్యంతో సహా రాసుకోండి

నుడికారాన్ని ఒక్కదాన్నే చీటీ మీద రాసుకుంటే లాభం లేదు. ముందు వాక్యం, వెనక వాక్యం కూడా ఉండాలి. తల్లి కొడుకుని కావలించుకుందని నా వార్తలో ముందు వాక్యంలోనే ఉంది. నేను దాన్ని దాటేసి మాట మీద పడ్డాను.

డిక్షనరీ తెరిచేముందు ఒక్కటే అడగండి: ఈ మనిషి మెచ్చుకుంటున్నాడా, తిడుతున్నాడా? అది తేలితే సగం పని అయినట్టే. ‘సోర్ ఐస్’ అని వింటే మనకు కళ్ళకలకే గుర్తొస్తుంది కాబట్టి తిట్టేమో అనుకుంటాం. నిజంగా తిట్టు ‘ఐసోర్’. చక్కటి వీధిలో రంగులు వెలిసి, ఇనుప చువ్వలు బయటికి పొడుచుకొచ్చి, సగంలో ఆగిపోయిన బిల్డింగు ఉంటుంది చూడండి, అది ఐసోర్. మన ‘కంట్లో నలుసు’ అని రాయాలనిపిస్తుంది కానీ కుదరదు. మనకు నలుసయ్యేది ఎక్కువగా మనిషి, వాళ్ళకు ఐసోర్ అయ్యేది కట్టడమో చెత్తకుప్పో.

2. దృశ్యం ఊహించుకుని, ముందు తెలుగులోనే వెతకండి

చాలామంది ఈ పని చేయరు. తిన్నగా ఇంగ్లిష్ అర్థం బట్టీ పడతారు, వారం తిరక్కుండా మర్చిపోతారు. మాటను ముక్కస్య ముక్క విడదీసి, అందులో కనిపించే దృశ్యాన్ని ఊహించి, అలాంటిది మన దగ్గర ఉందేమో చూడండి. మూడు రకాల జవాబులొస్తాయి.

కొన్ని అచ్చంగా తోబుట్టువులు. ‘ది ఆపిల్ ఆఫ్ మై ఐ’ తీసుకోండి. కంట్లో ఆపిల్ ఏమిటి? కంటి మధ్యలోని నల్లటి గుండ్రం ఒక గట్టి ఉండ అని పాతకాలం వాళ్ళు అనుకునేవారు. గుండ్రటిది కాబట్టి ఆపిల్ అన్నారు. 9వ శతాబ్దంలో ఆల్ఫ్రెడ్ రాజు కాలపు ఇంగ్లిష్‌లోనే ఈ వాడుక ఉంది. మనిషికి చూపు కంటే విలువైనది లేదు కాబట్టి, ప్రాణంలా చూసుకునేవాళ్ళకి ఆ పేరు అంటింది.

బైబిల్లో ద్వితీయోపదేశకాండము 32వ అధ్యాయంలో ఈ మాట వస్తుంది. ఇంగ్లిష్‌లో ఆపిల్ అని ఉన్నచోట హీబ్రూ మూలంలో ఉన్న మాటకు అర్థం ‘కంటిలోని చిన్న మనిషి’. తెలుగు బైబిల్లో అక్కడ ‘కనుపాప’ అని వేశారు. ఈ ఒక్క చోట తెలుగే మూలానికి దగ్గరగా ఉంది. లాటిన్‌లోనూ అంతే, కనుపాపకు ఇంగ్లిష్‌వాళ్ళు వాడే ప్యూపిల్ అనే మాట ‘చిన్న పిల్ల, బొమ్మ’ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. గ్రీకులో పిల్లకీ కనుపాపకీ ఒకటే పేరు. సంస్కృతంలో కనీనిక అన్నా ఇటు చిన్నపిల్ల, అటు కంటిపాప.

ఇన్ని భాషలకూ ఒకే ఊహ ఎలా తట్టిందో మీరే చూడొచ్చు. ఇంట్లో ఎవరినైనా కిటికీ వైపు మొహం పెట్టి నిలబడమనండి. జానెడు దూరంలో నిలబడి వాళ్ళ కంటి నల్లగుడ్డులోకి చూడండి. అందులో వేలి గోరంత కూడా లేని ఒక మనిషి మీవైపే చూస్తూ ఉంటాడు. అది మీరే. ఇది ఒకసారి చూసినవాళ్ళు ఆపిల్ నుడికారాన్ని మళ్ళీ మర్చిపోవడం నేను చూడలేదు.

‘ఇన్ ది ట్వింక్లింగ్ ఆఫ్ యాన్ ఐ’ కూడా ఇలాంటిదే. మనకు రెప్పపాటు. ఇంకా చిత్రం, మనం గడియారం చూసి చెప్పే ‘నిమిషం’ కూడా మొదట రెప్పపాటే. దేవతలకు రెప్పపడదు కాబట్టి వాళ్ళని అనిమిషులు అన్నారు. ఇంగ్లిష్ మాట బైబిల్లో కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక (లేఖ) 15వ అధ్యాయంతో ప్రచారమైంది. తెలుగు అనువాదంలో అక్కడ ‘నిమిషములో, ఒక రెప్పపాటున’ అని రెండూ పక్కపక్కనే పెట్టారు. ‘హుడ్‌వింక్’ ఇంకోటి. పాత ఇంగ్లిష్‌లో వింక్ అంటే కళ్ళు మూయడం, హుడ్ అంటే తలమీది ముసుగు. గానుగెద్దుకు మనం కట్టే గంతలే అవి. ‘ప్రజల కళ్ళకు గంతలు కట్టారు’ అని రోజూ రాస్తూనే ఉంటాం.

రెండో రకం కవల పిల్లల్లా కనిపించి మోసం చేసేవి. టెన్షన్ పడాల్సింది వీటి దగ్గరే. ‘హావింగ్ ఐస్ ఇన్ ది బ్యాక్ ఆఫ్ యువర్ హెడ్’ అంటే తలకి వెనక కళ్ళున్నాయని, వెనక జరిగేదీ పసిగడతాడని. దాన్ని ‘కళ్ళు నెత్తికెక్కాయి’ అని తర్జుమా చేస్తే చురుకైన టీచర్ కాస్తా పొగరుబోతు అయిపోతుంది. ‘రెడ్ ఐ ఫ్లైట్’లో ఎవరూ ఎవరి మీదా కళ్ళెర్రజేయరు. రాత్రి బయల్దేరి తెల్లారేసరికి దింపే విమానం అది, నిద్రలేక కళ్ళు ఎర్రబడతాయి కాబట్టి ఆ పేరు. కాలిఫోర్నియా నుంచి న్యూజెర్సీ వెళ్ళి పొద్దున్నే డ్యూటీలో కూర్చున్న మనవాళ్ళకి ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు.

‘ది ఐ ఆఫ్ ది స్టార్మ్’ సంగతి కొంచెం తిరకాసు. తుఫాను కన్ను అంటే తుఫాను మధ్యలో ప్రశాంతంగా ఉండే చోటు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఊగి ఊగి గాలి ఒక్కసారిగా ఆగింది, ఆ తర్వాత రెండో దిక్కు నుంచి విరుచుకుపడింది. ఆ మధ్య ఆగిన కాసేపే కన్ను. శాస్త్రం ప్రకారం అక్కడ నిశ్శబ్దం ఉండాలి. పేపర్ల ఇంగ్లిష్‌లో మాత్రం ‘మంత్రి ఈజ్ ఇన్ ది ఐ ఆఫ్ ది స్టార్మ్’ అంటే గొడవంతా ఆయన చుట్టూనే తిరుగుతోందని. రెండు అర్థాలూ వాడుకలో ఉన్నాయి, ఏది అన్నది వాక్యమే చెప్పాలి.

మూడో రకంలో అర్థం ఒకటే, దృశ్యం వేరు. పని ఎక్కువైతే ఇంగ్లిష్‌వాడు ‘అప్ టు మై ఐస్’ అంటాడు, కళ్ళ దాకా మునిగానని. మనం పీకల్లోతు దగ్గర ఆగుతాం, లేదంటే ఏకంగా తలమునకలవుతాం. అసూయకి షేక్‌స్పియర్ ఆకుపచ్చ కళ్ళు పెట్టాడు. ‘గ్రీన్ ఐడ్ మాన్‌స్టర్’ అని ఒథెల్లో నాటకంలో ఇయాగో అంటాడు. మనకి రంగు చాలదు, పక్కింటివాడు కారు కొంటే ఏకంగా కళ్ళలో నిప్పులు పోసుకుంటాం.

3. పుట్టుక వెతకండి, అందమైన కథ వినగానే తేదీ అడగండి

కంటి నుడికారాలకు రెండు పెద్ద గనులున్నాయి. ఒకటి బైబిల్, రెండోది షేక్‌స్పియర్. మాట గంభీరంగా వినిపిస్తే మొదట అక్కడ తవ్వండి. ‘ది స్కేల్స్ ఫెల్ ఫ్రమ్ హిజ్ ఐస్’ అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో పౌలుకు చూపు తిరిగొచ్చిన ఘట్టం. కళ్ళకు కమ్మిన పొరలు రాలాయని తెలుగులోనూ అదే. పక్కవాడి కంట్లో నలుసు చూస్తూ తన కంట్లో దూలాన్ని చూసుకోకపోవడం మత్తయి 7వ అధ్యాయం. ‘మైండ్స్ ఐ’ హామ్లెట్ వల్ల అందరి నోళ్ళలో పడింది, కానీ అంతకు రెండు వందల ఏళ్ళ ముందే ఇంగ్లిష్ కవి చాసర్ మనసు కళ్ళ గురించి రాశాడు. మన మనోనేత్రమే.

ఇక కథల సంగతి. ‘టర్న్ ఎ బ్లైండ్ ఐ’, అంటే తెలిసీ చూడనట్టు ఊరుకోవడం, ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే అందరూ బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ కథే చెబుతారు. మంచి కథ. 1794లో కోర్సికా దీవిలోని కాల్వి ముట్టడిలో గుండు తగిలి ఎగిరిన రాళ్ళూ ఇసుకా మొహాన పడి నెల్సన్ కుడికన్ను చూపు పోయింది. 1801 ఏప్రిల్ 2న కోపెన్‌హాగన్ దగ్గర డెన్మార్క్‌వాళ్ళతో ఓడల యుద్ధం. పోరు బాగా ముదిరాక, దూరంగా ఉన్న పై అధికారి హైడ్ పార్కర్ యుద్ధం ఆపమని జెండాలతో సైగ పంపాడు. నెల్సన్ పక్కనున్న కెప్టెన్ ఫోలీ వైపు తిరిగి, నాకున్నది ఒక్క కన్ను, అప్పుడప్పుడు గుడ్డివాడిగా ఉండే హక్కు నాకుంది అన్నాడట. దుర్భిణి చూపులేని కంటికి పెట్టుకుని, ఆ సైగ నాకు నిజంగా కనిపించడం లేదు అన్నాడట. యుద్ధం ఆపలేదు, గెలిచాడు. అన్నట్టు, బొమ్మల్లో చూపించినట్టు ఆయన కంటికి నల్లగుడ్డ కట్టుకోలేదు. చూడటానికి ఆ కన్ను మామూలుగానే ఉండేది.

ఇప్పుడు తేదీ అడగండి. బ్లైండ్ ఐ తిప్పడం అనే మాట 17వ శతాబ్దం చివరికే అచ్చులో ఉంది, అప్పటికి నెల్సన్ పుట్టనే లేదు. అంటే మాటను ఆయన కనిపెట్టలేదు, ఆయన కథ దానికి కాళ్ళిచ్చింది. పరీక్షలో నెల్సన్ అని రాస్తే మార్కులు వేస్తారేమో, నేనైతే సగమే వేస్తాను.

ఈ తేదీ పరీక్షకు నిలవని కథలు చాలా ఉన్నాయి. ‘పుల్ ది ఊల్ ఓవర్ సమ్‌వన్స్ ఐస్’ అంటే కళ్ళలో దుమ్ము కొట్టడం. ఊల్ అంటే పెద్దమనుషులు పెట్టుకునే సవరాల టోపీ అనీ, దొంగలు దాన్ని కళ్ళమీదికి లాగి పర్సు కొట్టేసేవారనీ కథ. మాట మాత్రం 19వ శతాబ్దపు అమెరికాలో అచ్చుకెక్కింది, అప్పటికి అక్కడ ఆ విగ్గుల ఫ్యాషనే పోయింది. ‘కీప్ యువర్ ఐస్ పీల్డ్’ను లండన్ పోలీసుదళం పెట్టిన రాబర్ట్ పీల్‌కు అంటగడతారు. అంత దూరం ఎందుకు? పీల్ అంటే తొక్క తీయడం. కంటి మీది తొక్క, అంటే రెప్ప, తీసేసి కాపలా ఉండు అని. అమెరికాలో అదే కాలంలో ‘ఐస్ స్కిన్డ్’, అంటే తోలు తీసిన కళ్ళు, అని కూడా అనేవారు, అది చూస్తే పీల్ దొరగారికి సంబంధం లేదని తెలిసిపోతుంది.

‘యాన్ ఐ ఫర్ యాన్ ఐ’కి మాత్రం రాతి ఆధారం ఉంది. సుమారు క్రీ.పూ. 1750 నాటి బాబిలోన్ రాజు హమ్మురాబి శాసనంలో 196వ నిబంధన: సాటి పౌరుడి కన్ను పోగొట్టినవాడి కన్ను పోగొట్టాలి. రెండు నిబంధనల కింద చూడండి, అంతకంటే తక్కువ అంతస్తు సామాన్యుడి కన్నయితే ఒక మినా (అప్పటి తూకం) వెండి కడితే చాలు. ఆ తర్వాతది, బానిస కన్నయితే అతని ధరలో సగం. ఆ శిల 1901లో ఇరాన్‌లోని సూసాలో దొరికింది, ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ‘కన్నుకు కన్ను అంటే లోకమంతా గుడ్డిదవుతుంది’ అని గాంధీగారి ఫొటో కింద వాట్సాప్‌లో తిరిగే వాక్యం ఉంది చూశారూ, వెతికినవాళ్ళకు ఆయన రచనల్లో అది దొరకలేదు. ఫార్వర్డ్ చేసేముందు పేరు తీసేయండి.

తేదీలు ఎక్కడ చూడాలంటే ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ అన్నిటికంటే మేలు, ప్రతి మాటకూ పాత ఉదాహరణలు సంవత్సరంతో ఇస్తుంది. పెద్ద లైబ్రరీల్లో ఉంటుంది. ఉచితంగా కావాలంటే ఎటిమాన్‌లైన్ అనే వెబ్‌సైటు చూడండి. గూగుల్ బుక్స్‌లో కాలం పరిమితి పెట్టి వెతకడం కూడా వస్తే ఇంకేం కావాలి.

తవ్వుతుంటే అడక్కుండా దొరికేవీ ఉంటాయి. విండో అనే మాట పాత నార్స్ భాషలో ‘గాలి కన్ను’. డైసీ పువ్వు ‘పగటి కన్ను’, పొద్దున విచ్చుకుని సాయంత్రం ముడుచుకుంటుంది కాబట్టి. ఇంగ్లిష్‌లో గుండ్రటి చిన్న కిటికీకి ‘బుల్స్ ఐ’ అని పేరు, ఫ్రెంచ్‌వాళ్ళకూ అది ఎద్దు కన్నే. మన గవాక్షాన్ని విడదీయండి: గో అంటే ఎద్దు, అక్షం అంటే ఇక్కడ కన్ను. మళ్ళీ ఎద్దు కన్నే! ఇది కనిపెట్టిన రోజు నేను కుర్చీలోంచి లేచి డెస్కంతా తిరిగి అందరికీ చెప్పాను. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

4. ఒక కన్నా, రెండు కళ్ళా? లెక్క తప్పకండి

మనవాళ్ళ ఇంగ్లిష్‌లో ఎక్కువ తప్పులు ఇక్కడే దొర్లుతాయి. తెలుగులో కళ్ళు అనడం అలవాటు కాబట్టి ‘ఆపిల్ ఆఫ్ మై ఐస్’ అంటాం. కాదు, ఐ ఒక్కటే. ‘టర్న్ ఎ బ్లైండ్ ఐ’లోనూ ఒక్కటే, దాని తర్వాత ‘టు’ రావాలి. ‘పీల్డ్’ మాటకి మాత్రం ఐస్ అనడమే ఎక్కువ.

చిన్న మాట మారితే అర్థం ఎగిరిపోయేవి కొన్ని ఉన్నాయి. ‘కీప్ ఎన్ ఐ ఆన్’ అంటే ఉన్నదాన్ని కనిపెట్టుకుని ఉండటం. పాలు పొయ్యి మీద పెట్టి ‘ఓ కన్నేసి ఉంచవే’ అని అమ్మ అంటుందే, అది. ‘కీప్ ఎన్ ఐ అవుట్ ఫర్’ అంటే ఇంకా కనిపించనిదాని కోసం చూస్తుండటం, బస్సు కోసం చూసినట్టు. ‘హావ్ యువర్ ఐ ఆన్’ అంటే కావాలని ఆశపడటం, స్థలం మీద కన్నేశాడు అంటామే అది. ‘హావ్ ఎన్ ఐ ఫర్’ అంటే మంచీచెడూ పోల్చగల చూపు. చీర చేత్తో పట్టుకోగానే ఇది మగ్గం మీద నేసిందా, మిల్లుదా అని చెప్పే అత్తయ్య ఉంటే ఆవిడకు ‘ఎన్ ఐ ఫర్ చీరలు’ ఉన్నట్టు. అదే ‘హీ ఓన్లీ హాజ్ ఐస్ ఫర్ హర్’ అని ఐస్ చేశారో, వ్యవహారం ప్రేమలోకి వెళ్ళిపోయింది.

‘సీ ఐ టు ఐ’ అంటే ఏకాభిప్రాయం. ఎక్కువగా ‘డోంట్’తో కలిసే వస్తుంది. మాట బైబిల్లోని యెషయా 52వ అధ్యాయం నుంచి వచ్చింది కానీ అక్కడ కళ్ళారా చూడటం అని అర్థం. కళ్ళలో కళ్ళు పెట్టి చూడటానికి, దీనికి పొత్తు లేదు.

5. ఎక్కడ వాడకూడదో కూడా రాసుకోండి

‘ఐవాష్’ మన దేశపు ఇంగ్లిష్‌లో బాగా నలిగిన మాట. కమిటీ వేశారంటే చాలు, ప్రతిపక్షం ఐవాష్ అంటుంది. పైపైన చూపించే నాటకం అనే ఈ అర్థం 19వ శతాబ్దంలో బ్రిటిష్ సైన్యపు యాసలోంచి వచ్చింది. మన ‘కంటితుడుపు’ దానికి దగ్గరే కానీ ఒకటి కాదు. కంటితుడుపులో ఏడ్చేవాడి కన్నీళ్ళు తుడిచినట్టు నటించి పంపేస్తారు, ఐవాష్‌లో చూసేవాడిని మభ్యపెడతారు. అమెరికాలో అయితే ఈ మాటతో జాగ్రత్త. అక్కడి లేబరేటరీల్లో ‘ఐవాష్ స్టేషన్’ అని బోర్డు ఉంటుంది. కంట్లో ఆసిడ్ పడితే కడుక్కోవడానికి పెట్టిన కుళాయి అది. ‘దిస్ మీటింగ్ ఈజ్ ఎన్ ఐవాష్’ అంటే అక్కడివాళ్ళు చాలామంది మొహం ఖాళీగా పెట్టి చూస్తారు.

బ్లైండ్ ఐ మాట చూపులేనివాళ్ళు ఎదురుగా ఉన్నప్పుడు నేను వాడను, ‘ఇగ్నోర్’ చాలు. ‘ఐ క్యాండీ’, అంటే కంటికి మిఠాయి, చూడటానికి ఇంపుగా ఉండటమే తప్ప ఇంకేం లేదని. మనుషుల గురించి ఆ మాట ఆఫీసులో అసలు వద్దు.

6. రోజుకొకటి, మూడు వరసల్లో

నోట్‌బుక్‌లో ఒక్కోదానికి మూడు వరసలు చాలు: విన్న వాక్యం, దాని తెలుగు జత, మీ ఇంట్లో జరిగిన ఏదో ఒక సంగతితో మీరు కట్టిన కొత్త వాక్యం. మూడోది దాటవేయకండి. జత దొరక్కపోతే ఖాళీ వదిలేయండి, బలవంతంగా నింపితే నా సోర్ ఐస్ గతే పడుతుంది.

తెలుగు నుంచి ఇంగ్లిష్‌కి కూడా ప్రయత్నించండి, అసలు కష్టం అప్పుడు తెలుస్తుంది. ‘నీ కోసం చూసి చూసి కళ్ళు కాయలు కాచాయి’ నా నోట్‌బుక్‌లో చాలా ఏళ్ళుగా ఉంది. ఇక్కడ కాయ చెట్టు కాయ కాదని నా అనుమానం. పార పట్టిన అరచేతులు కాయలు కాస్తాయి చూడండి, చర్మం గట్టిపడి, ఆ కాయ. వాకిలి వైపు చూసి చూసి కళ్ళు రాటుదేలాయని. దానికి ఎదురుగా ఉన్న వరస ఇప్పటికీ ఖాళీగానే ఉంది.